ఆయనకు పట్టిన చలి

గొర్రె పేగులు తిరగేసి కడుగుతుంటే లోపల్నుంచి మా ఆడపడుచు కలీపా వదిన గొంతు. "ఇంకా కాలేదా బురుల్? ఆ చేతులేంటే, నిద్రలో ఉన్నట్టు కదులుతున్నాయి?" నిద్ర కాదు. మా టోక్‌మోక్ ఊళ్ళో మార్చి నెల కుళాయి నీళ్ళకి నా వేళ్ళ కణుపులు బిగుసుకుపోయి మడత పడటం లేదు. ఆ ముక్క చెబితే, తను కోడలిగా ఉన్నప్పుడు ఏట్లో మంచు పగలగొట్టి కడిగిన కథ మొదలుపెడుతుంది. ఆ కథ నాకు కంఠతా వచ్చు. అందుకే నోరు మూసుకుని ఇంకో పేగు అందుకున్నాను.

గొర్రెను వదినే తెచ్చింది. నారిన్ కొండల నుంచి కారు డిక్కీలో కాళ్ళు కట్టి పడేసుకుని, తమ్ముడి కీళ్ళనొప్పులకు వైద్యం చెయ్యడానికని దిగింది. అప్పుడే కోసిన గొర్రె తోలు, వేడి ఆరకముందే రోగి ఒంటికి చుట్టి, పైన పరుపులు కప్పి, వేడి వేడి మాంసం రసం తాగిస్తే ఎముకల్లో దూరిన చలంతా చెమటై దిగిపోతుందని మావాళ్ళ నమ్మకం. మా నాయనమ్మా చేసేది, నేను కాదనను. పక్కింటాయన వచ్చి కోసి, తోలు ఒలిచి, చేతులు కడుక్కుని, టీ తాగి వెళ్ళిపోయాడు. కొయ్యడం మగాళ్ళ పని, చిటికెలో అయిపోతుంది. పేగులు కడగడం, పొట్ట గీకడం, తలకాయ కాల్చడం, నెత్తురు పడ్డ వాకిలి రుద్దడం ఆడవాళ్ళ పని. అది చీకటి పడేదాకా సాగుతుంది. దాన్ని పని అని కూడా ఎవరూ అనరు.

వచ్చిన దగ్గర్నుంచీ వదినది ఒకటే పాట. "మా తమ్ముడికి చలి పట్టించావు. కింద మందంగా కంబళి పరవకుండా కూర్చోబెట్టి ఉంటావు. మొగుణ్ణి ఎలా చూసుకోవాలో మీ అమ్మ నేర్పలేదా?" మనవలు పుట్టాక కూడా నా పెంపకం గురించి తీర్పులు! కంబళి పరిచేది నేనే, దులిపేది నేనే, దాని మీంచి లేవలేక ఆయన చెయ్యి చాపితే లాగేదీ నేనే.

చలీ లేదు, గిలీ లేదు. మా ఆయన తుర్దకున్‌కు ప్రొస్టేట్ క్యాన్సర్. నిరుడు బయటపడింది. అది మగ హార్మోన్ తిని పెరిగే రోగమట. అందుకని ఆ హార్మోన్‌నే ఆపేసే సూది మూడు నెలలకోసారి పొట్టలో వేస్తున్నారు, ఈ గురువారం మళ్ళీ ఉంది. రోగం అణిగింది. కానీ కీళ్ళు పట్టేశాయి. పొద్దున్నే పిడికిలి మూసుకోదు, మోకాళ్ళు వంగవు, ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిర్లు. ఇవన్నీ సూదివల్ల రావచ్చు, వస్తే దాచకుండా చెప్పండి, తగ్గించే దారులున్నాయి, సూది మాత్రం మీ అంతట మీరు మానొద్దు అని డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది. ఈయన ప్రతిసారీ ఆమె ఎదురుగా కూర్చుని "ఏ ఇబ్బందీ లేదు" అంటాడు. గుర్రాల మీద తిరిగిన మనిషి, ఆడమనిషి ముందు నొప్పి అంటాడా? నేను నోరు తెరవబోతే "నువ్వు బయట కూర్చో" అని గదమాయింపు. ఆసుపత్రి మెట్ల దగ్గర బరువంతా నా భుజం మీద వేసి అప్పుడు మొదలుపెడతాడు మూలుగు.

పైగా నాచేత రొట్టె పట్టించి, తప్పితే ఆ రొట్టే కొడుతుందని ఒట్టు వేయించుకున్నాడు. "మగాడి చోట రోగమని చుట్టాలకు తెలిస్తే తలెత్తుకు తిరగగలనా? నువ్వు నోరు జారావో, రొట్టె నిన్ను ఊరికే వదలదు." అడిగినవాళ్ళందరికీ మోకాళ్ళ నొప్పులని చెప్పుకున్నాడు. ఆసుపత్రికి ఎందుకు వెళ్తున్నావంటే మోకాళ్ళకు సూది అన్నాడు. ఆ అబద్ధం కొండలెక్కి నారిన్ చేరి, గొర్రెతో సహా తిరిగొచ్చింది.

నా ఒళ్ళు మండేది అందుక్కూడా కాదు. ఆయన మూలిగే ప్రతి నొప్పీ నాకు తెలుసు. ముట్లు ఆగిపోయినప్పుడు నాకూ ఇవే వచ్చాయి, ఇవే. బట్టలు కుట్టే షెడ్డులో మిషను ముందు కూర్చుని ఆవిర్లు తట్టుకోలేక కిటికీ తెరిస్తే, మేస్త్రీ "మామ్మకు ఎండాకాలం వచ్చింది, పంకా తెండర్రా" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని, పని పోతుందని. ఇంటికొస్తే ఈయన. "కిటికీ మూయవే, చలికి చంపుతావా? ఆడాళ్ళందరికీ వచ్చేదేగా, లోకంలో నీకొక్కదానికే వచ్చినట్టు ఆ మూలుగేంటి?" మూలగడం మానేశాను. మోకాళ్ళు వాచినా పిండి పిసికాను. ఇప్పుడు ఆయనకు ఆవిరొస్తే గడ్డకట్టే చలిలో తలుపులు బార్లా తెరిచి, నేను రెండు కోట్లు తొడుక్కుని ఉల్లిపాయలు తరుగుతుంటాను. జాలి లేదని కాదు. వేళ్ళు ముడవలేక టీ గిన్నె జారవిడిచి ఆయన ఏడ్చిన రోజు తల ఒళ్ళో పెట్టుకుని నేనూ ఏడ్చాను. కానీ ఆ ఏడుపులో సగం నా కోసమే అని ఆయనకు తట్టలేదు.

"బురుల్! ఉడికిపోతున్నానే, తియ్యండి దీన్ని!" లోపల్నుంచి కేక. చేతులు తుడుచుకోకుండానే పరిగెత్తాను. ఈయన తోల్లో బిగుసుకుని, మెడ దాకా పరుపులు, మొహం కందగడ్డ. వదిన పరుపు అంచు మీద కూర్చుని కదలకుండా అదిమి పట్టుకుంది.

"తియ్యకు. చలి దిగుతోంది."

"చలి కాదక్కా, ఆవిరి! చచ్చిపోతాను!"

"చావవులే. మన నాన్న దీంట్లో రాత్రంతా పడుకున్నాడు, కిక్కురుమన్నాడా?" ఆ మాటకు ఈయన పళ్ళు బిగించాడు. వదిన ఆయన నుదురు తుడుస్తూ మెత్తబడింది. "ఒరేయ్, ఆ మోకాళ్ళ సూది మానెయ్‌రా. ఏడాదిగా పొడిపించుకుంటున్నావు, పిసరంతైనా తగ్గిందా? అదే చలిని లోపల గడ్డ కట్టిస్తోంది."

"సరే అక్కా. గురువారం వెళ్ళను."

నా వైపు చూడకుండా అన్నాడు. అక్కను ఊరుకోబెట్టడానికి అన్న మాట కాదది. ఎవరో ఒకరు మానెయ్యమంటే బాగుండునని ఇన్నాళ్ళూ కాచుకుని ఉన్నాడని నాకు అర్థమైంది. రొట్టె కొడితే కొట్టనీ అనుకున్నాను.

"వదినా, అది మోకాళ్ళ సూది కాదు. ఈయనకు క్యాన్సర్. మగాళ్ళకే వచ్చేది. ఆ సూదివల్లే కీళ్ళు పట్టేశాయి, ఆ సూదివల్లే బతికున్నాడు. మానేస్తే నొప్పులు పోతాయేమో, వెనకే మనిషీ పోతాడు."

"బురుల్!"

"మీరు ఊరుకోండి. డాక్టరమ్మ దగ్గర ఎలాగూ ఊరుకుంటారుగా."

వదిన చేతులు పరుపు మీంచి జారిపోయాయి. మొదటి మాట నా మీదికే వచ్చింది. "నా దగ్గర దాచావా?"

"దాచింది ఆయన. నేను మోశాను."

అప్పుడు తమ్ముడి వైపు తిరిగింది. ఒక్కో పరుపూ లాగి పారేస్తూ ఏడుస్తూ తిడుతూ తోలు విప్పింది. "గురువారం నేను తీసుకెళ్తా. ఆ డాక్టరమ్మ ముందు నోరు మూసుకున్నావో, అక్కడే చెంప పగలగొడతా."

"ఏ మొహం పెట్టుకుని చెప్పనక్కా?"

"ఉన్న మొహమే పెట్టుకుని."

ఆయన కళ్ళు తుడుచుకుని, లాగూ కోసం తడుముకుంటూ, "చెప్తాలే" అన్నాడు. ఏడాదిగా నేను బతిమాలినా రాని మాట. వదిన ముక్కు చీదుకుని, అలవాటు ప్రకారం నాకేసి చూసింది. "పేగులు సగంలో వదిలొచ్చావు. పో, కానియ్."

నేను వెళ్ళలేదు. కంబళి మీద కూర్చుని, ఉన్ని మేజోళ్ళు కిందికి తోసి, వాచిన మోకాళ్ళు రెండూ వదిన ముందు చాపాను. తోలు ఇంకా ఆయన వేడితో వెచ్చగానే ఉంది.

"ఇది నాకు కట్టు వదినా. పేగులు మీ తమ్ముడు కడుగుతాడు. ఆవిర్లకు చన్నీళ్ళు హాయిగా ఉంటాయి."