కాగితం మీద కాదు, గుండీ

"ఆ కుక్కపిల్ల సాయంత్రానికల్లా ఈ ఇంట్లో ఉండకూడదు" అన్నాడు కటింగ్ మాస్టర్.

ఆయన కేకలెయ్యలేదు. కేకలేసే మనిషైతే ఎంతో బాగుండేది. కత్తెర పక్కన పెట్టి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని మరీ నెమ్మదిగా అన్నాడు. ఆయన నెమ్మదిగా అన్న మాటకి ఆ ఇంట్లో అప్పీలు లేదు.

నేల మీద తెల్లబట్ట పరిచి ఉంది. దాని మీద కోటు వీపు కొలతకి కత్తిరించిన బ్రౌన్ పేపరు. ఆ పేపరు నడిమధ్యన వెచ్చగా ఓ చిన్న చెరువు. చెరువు గట్టున గుండీ. పెద్ద కోటు గుండీకి కాళ్ళూ చెవులూ మొలిస్తే ఎలా ఉంటుందో అలా ఉండే నల్ల కుక్కపిల్ల. ఏదో ఘనకార్యం చేసినట్టు తోక ఆడిస్తోంది.

ఓవర్‌లాక్ మిషన్ ముందు కూర్చున్న చిన్నకోడలు కుట్టు ఆపేసింది.

ఆ ఇంట్లో ముందు హాలే కార్ఖానా. వెనకాల ఓ గది, వంటిల్లు. ఆ పక్కన మట్టి పెరడు, దానికి హాల్లోంచే తలుపు. బట్ట కోసేది కటింగ్ మాస్టర్, అంటే ఆమె బావగారు. అంచులు కొట్టి కుట్టేది ఆమె. కాజాలు, గుండీలు అత్తగారి పని. కుట్టినవి స్కూటర్ మీద పట్టుకెళ్ళి ఇచ్చొచ్చేది ఆమె మొగుడు. ఎవరు ఏం చెయ్యాలో, ఎప్పుడు తినాలో, కిటికీ ఏ రెక్క తెరవాలో, అన్నీ బావగారే కోసి పెడతారు. మిగతావాళ్ళు కోసిన గీత వెంట కుట్టుకుంటూ పోతారు. ఆమె కూడా ఇన్నాళ్ళూ అలాగే కుట్టుకొచ్చింది. వానలో స్కూటర్ కింద వణుకుతూ దొరికిన ఈ నల్లగుండీని కొంగులో చుట్టుకుని ఇంట్లోకి తెచ్చినప్పుడు మాత్రం ఎవర్నీ అడగలేదు.

"బావగారూ, చిన్నపిల్ల. నేర్చుకుంటోంది" అంది.

"కుక్క తోక వంకర అన్నారు. నేర్పితే పోయేదైతే సామెత ఎందుకు పుడుతుంది?"

"తోకతో మనకేం పనండీ? సమస్య తోక కింద కదా!"

గోడవారన కాజాలు కుడుతున్న అత్తగారు కిసుక్కున నవ్వింది. నవ్విన వెంటనే దగ్గింది, పెద్దకొడుకు చూశాడని.

"ఏవండీ, మీరైనా చెప్పండి" అంది చిన్నకోడలు మొగుడి వంక తిరిగి.

మొగుడు కోట్లు మూట కడుతున్నాడు. ఆ మూటకి ముడి వెయ్యడం ఎంత కష్టమో అప్పుడే తెలిసొచ్చినట్టు తల దించుకుని దాంతో కుస్తీ పట్టాడు. నోట్లో నాలుక లేని మనిషి కాదు గానీ, అన్నయ్య ముందు దాన్ని పళ్ళవెనక దాచుకుంటాడు.

ఆమె లేచింది. గుండీని ఎత్తుకుంది.

"పంపించను."

కటింగ్ మాస్టర్ ఎత్తబోయిన కత్తెర మళ్ళీ కింద పెట్టాడు.

"ఏమన్నావు?"

"పంపించనన్నాను. హోటల్ వాళ్ళ తెల్లకోట్ల ఆర్డరుకి పెద్ద కటింగ్ ఉంది కదా? ఆ రోజు నేలంతా తెల్లబట్టే. ఆ రోజు గుండీ ఇక్కడే తిరుగుతుంది. అప్పటిదాకా గానీ, ఆ రోజు గానీ కార్ఖానాలో ఒక్క చుక్క పడితే, నా చేత్తో నేనే ఇచ్చేస్తాను. పడకపోతే ఇక దీని మాట ఎవరూ ఎత్తకూడదు."

కటింగ్ మాస్టర్ ఆమెని ఓ కొత్తరకం బట్టని చూసినట్టు చూశాడు. ఏ వైపు సాగుతుంది, ఏ వైపు చిరుగుతుంది అన్నట్టు.

"పెరట్లో కట్టేసి నేర్పానంటే కుదరదు."

"కట్టనండీ. కడితే నేర్చుకునేది తాడు, కుక్క కాదు."

"సరే" అన్నాడాయన. ఆ సరేలో ఆయనకి ఓటమి ఎక్కడా కనబడలేదు.

ఆమెకి అంతుపట్టనిది ఒక్కటే. గుండీకి పని వచ్చు! పెరట్లో ఓ మూల పాత న్యూస్‌పేపర్లు పరిచింది తనే. నిద్ర లేవగానే, పాలు తాగగానే, ఆడి అలిసిపోగానే ఎత్తుకెళ్ళి ఆ పేపర్ల మీద నిలబెట్టేది. కానిచ్చిందంటే "నా బంగారమే!" అని ఉడికించిన గుడ్డుముక్క నోట్లో పెట్టేది. నాలుగు పూటలు తిరిగేసరికి పేపరు కనబడితే చాలు, గుండీ తనంతట తనే పరిగెత్తేది. మరి ఇంత బుద్ధిమంతురాలు హాల్లో ఆ పని ఎందుకు చేసినట్టు?

నేర్పింది చాలలేదు, అంతే అనుకుంది. పట్టుదల పెంచింది. పెరట్లో ఇంకో నాలుగు పేపర్లు పరిచింది. వంటింటి గుమ్మం దగ్గర ఒకటి, గది మూల ఒకటి. గుడ్డుముక్క సైజు పెంచింది.

"దానికి నేర్పుతున్నావో, న్యూస్‌పేపరు ఏజెన్సీ పెడుతున్నావో తెలియట్లేదే" అంది అత్తగారు.

"మీరు చూస్తూ ఉండండి అత్తయ్యా."

చూస్తూనే ఉంది అత్తగారు. ఆ మర్నాడే చూడాల్సినదంతా చూసింది.

గదిలో మంచం మీద పేపరు పరిచి, దాని మీద గుండీలు పోసి సైజులవారీగా ఏరుతోందావిడ. పెరట్లోంచి కుక్కపిల్ల పరిగెత్తుకొచ్చింది. చుట్టూ ఎంతో చోటుంది. మట్టి ఉంది, గడ్డి ఉంది, గచ్చు ఉంది. అవేవీ పట్టించుకోలేదు. స్టూలెక్కి, స్టూలు మీంచి మంచం మీదికి దూకి, పేపరు వాసన చూసి, ఓ చుట్టు తిరిగి, నిండు భక్తితో కూర్చుంది.

"ఓసి నీ అసాధ్యం కూలా! నా గుండీలే!"

కేక విని చిన్నకోడలు వచ్చి పడింది. వచ్చి, గుమ్మంలో కొయ్యబారిపోయింది. తడిసిన గుండీల వంక కాదు, గుండీ మొహం వంక చూస్తోంది. అది పని పూర్తిచేసి, నోరు తెరిచి, ఆమె చేతికేసి చూస్తోంది. గుడ్డుముక్క ఏదీ అన్నట్టు.

"అయ్యో రామ" అంటూ ఆమె నుదురు కొట్టుకుంది. "అత్తయ్యా, దీని తప్పేం లేదు. మనం ఏం నేర్పామో అదే చేసింది. కాగితం కనబడితే కానిచ్చెయ్యమన్నాం. కానిచ్చేస్తోంది! హాల్లో నేల మీద పరిచేవేంటి? బ్రౌన్ పేపర్లు! నేల మీద కాగితాలు పరుచుకుని బతికే ఇంట్లో కూర్చుని కుక్కకి కాగితం నేర్పాను. ఎవరైనా నేర్పుతారా!"

అప్పటికే కటింగ్ మాస్టర్ గుమ్మంలోకి వచ్చాడు. "పడింది కదా చుక్క. పందెం అయిపోయింది."

"కార్ఖానాలో కదా మాట?" అంది అత్తగారు, తడి గుండీలు గిన్నెలోకి ఎత్తుకుంటూ. "ఇది నా మంచం. నా మంచానికి కత్తెరేసే అధికారం నీకెప్పుడిచ్చాన్రా పెద్దోడా?"

ఆయన వెనుదిరిగాడు. వెళ్తూ వెళ్తూ అన్నాడు: "ఎల్లుండే కటింగ్. బట్ట వచ్చేసింది."

ఎల్లుండి! హాలు గోడ నుంచి గోడ దాకా నలభై తెల్లకోట్లకి కాగితాలు. కుక్కపిల్ల కళ్ళకి అది పండగే. ఒక్క కాగితం చూస్తేనే మంచమెక్కింది, అన్ని చూస్తే ఇక ఆపడం ఎవరి తరం?

ఆమె మొగుడు చాటుగా వచ్చి గొణిగాడు. "పోనీ, మా స్నేహితుడి గోడౌన్‌లో ఓ వారం ఉంచుదామా? అన్నయ్య చల్లబడ్డాక..."

"ఆడలేక మద్దెల ఓడు అనిపించుకోమంటారా? ఆ కత్తెర ఇలా ఇవ్వండి."

ఆమెకి తెలిసిన విద్య ఒక్కటే. పెద్ద సైజు కోటుని చిన్న సైజుకి దించడం. అన్ని వైపులా కొంచెం కొంచెం కోస్తూ రావాలి, ఆకారం మాత్రం చెడకూడదు. అదే చేసింది. ఇంట్లో పేపర్లన్నీ ఎత్తేసింది. పెరటి మూల ఒక్కటే ఉంచి, దాని కింద మట్టి గుల్ల చేసింది. గుండీ వచ్చి కానిచ్చిన ప్రతిసారీ ఆ పేపరు అంచులు కోసేది. దుప్పటంత ఉన్నది తువ్వాలంత అయింది. తువ్వాలు జేబురుమాలైంది. గుండీ ఆ చిన్నముక్క కోసం వెతుక్కుంటూ చుట్టూ తిరిగేది, ముందు కాళ్ళు కాగితం మీద, వెనక కాళ్ళు మట్టి మీద. తడి మాత్రం మట్టిలోనే పడేది. అప్పుడు గుడ్డుముక్క.

ఇంకోవైపు గదిలో ఓ బ్రౌన్ పేపరు పరిచి దాని పక్కనే కూర్చుంది. గుండీ వాసన చూసి చుట్టు తిరగడం మొదలెట్టగానే చటుక్కున ఎత్తుకుని పెరట్లోకి. "కాగితం మీద కాదు, గుండీ. మట్టి." మళ్ళీ. మళ్ళీ. నడుము పడిపోయింది. చీర కుచ్చిళ్ళ నిండా మట్టి. మూడో పూటకి జేబురుమాలు తపాలాబిళ్ళ అయింది. కటింగ్ రోజు పొద్దున్నే దాన్ని కూడా తీసేసింది. గుండీ మట్టి చుట్టూ తిరిగింది. ఆగింది. ఆమె వంక చూసింది.

కూర్చుంది.

అయినా ఒక్కసారి కూర్చున్నంత మాత్రాన ఏం నమ్మకం?

హాల్లో తెల్లబట్ట పరిచారు. పొరల మీద పొరలు. పైన కాగితాలు: వీపులు, చేతులు, కాలర్లు, జేబులు. కటింగ్ మాస్టర్ సుద్ద పట్టుకుని గీతలు గీస్తున్నాడు. ఆమె మిషన్ దగ్గర, అత్తగారు గోడవారన, మొగుడు ద్వారం పక్కన.

గుండీ వంటింట్లోంచి ఊగుతూ వచ్చింది. మూతి నిండా తెల్లటి పాలు. పొట్ట డోలులా ఉంది.

చిన్నకోడలు తిరిగి బావగారి వంక చూసింది. ఆయన గీత వంక చూస్తున్నాడు. మరీ శ్రద్ధగా చూస్తున్నాడు.

"గిన్నెడు పాలు పోశారా బావగారూ?"

"ఆకలేస్తుందని."

"ఎప్పుడూ లేనిది!" అంది అత్తగారు.

"ఎవరూ లేవకండి" అన్నాడాయన. "దానికి వచ్చిందో లేదో అదే చూపిస్తుంది. లేచి ఎత్తుకుపోతే పందెం ఓడినట్టే."

గుండీ కాగితాల అంచుకి వచ్చింది. ముక్కు నేలకి ఆనించింది. ఓ చేతిభాగం మీద ఎక్కింది. చుట్టు తిరిగింది. ఓ చుట్టు. ఇంకో చుట్టు. మొగుడు కళ్ళు మూసుకున్నాడు. ఆమె మూసుకోలేదు.

గుండీ ఆగింది. తల ఎత్తి ఆమెని చూసింది. ఏదో గుర్తొచ్చినట్టు చెవులు నిక్కబొడిచింది. మరుక్షణం కాగితాల మీదుగా, కాలర్లన్నీ చెల్లాచెదురు చేస్తూ, పెరటి తలుపు వైపు దౌడు తీసింది.

తలుపు మూసి ఉంది. పైన గడియ పెట్టి ఉంది.

పొద్దంతా బార్లా తెరిచి ఉండే తలుపు అది.

గుండీ గోళ్ళతో గీకింది. వెనక్కి చూసింది. కుయ్యిమంది. వెనక కాళ్ళు వణుకుతున్నాయి. ఆపుకుంటోంది. అరచేతిలో పట్టేంత ప్రాణి, గిన్నెడు పాలు పొట్టలో పెట్టుకుని, తలుపు తియ్యమని అడుగుతోంది.

"లేస్తే ఓడినట్టే" అన్నాడు కటింగ్ మాస్టర్ మళ్ళీ.

ఆమె లేచింది. కుర్చీ వెనక్కి పడింది. తెల్లబట్ట మీదుగానే నడిచి గడియ లాగింది. గుండీ బాణంలా పెరట్లోకి దూకి, మట్టి చేరి, ఎంతసేపు కూర్చుందంటే అత్తగారు లెక్కపెట్టడం మొదలెట్టి విసుగొచ్చి మానేసింది.

"లేచావు" అన్నాడు కటింగ్ మాస్టర్. "ఇచ్చెయ్యి."

"ఇవ్వను."

"మాట తప్పుతావా?"

"చుక్క పడితే ఇస్తానన్నాను. ఎక్కడ పడిందో చూపించండి. వంగి వెతకండి. నేర్పమన్నారు, నేర్పాను. అది కాగితం దాటెళ్ళి తలుపు దగ్గర నిలబడి అడిగింది. ఇక తియ్యడం మన వంతు. గడియ పెట్టినవాళ్ళు నాకు మాట గురించి చెప్పకూడదు బావగారూ."

"అమ్మాయ్!"

"అది వెళ్తే నేనూ వెళ్తాను. ఓవర్‌లాక్ మిషన్ ఇక్కడే ఉంటుంది. నలభై కోట్లకీ మీరే అంచులు కొట్టుకోండి."

ద్వారం పక్కనుంచి గొంతు సవరించుకున్న చప్పుడు. "స్కూటరు కూడా ఇక్కడే ఉంటుందన్నయ్యా" అన్నాడు మొగుడు. అన్నాక తనే ఉలిక్కిపడ్డాడు.

అత్తగారు సూదిని చేతిలోని బట్టలో గుచ్చి, కళ్ళజోడు పైకి నెట్టింది. "గడియ పెట్టావురా పెద్దోడా? కూన మీద గెలవడానికి గడియ కావాల్సొచ్చిందా నీకు?"

దొంగకి తేలు కుట్టినట్టుంది ఆయన మొహం. సుద్దముక్కని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. చెదిరిన కాలరు కాగితం ఒకటి సర్దాడు. ఆయన సర్దుతుండగానే గుండీ తిరిగొచ్చింది. నాలుగు కాళ్ళకీ బురద. గుమ్మంలో నిలబడి గుడ్డుముక్క కోసం చూస్తోంది.

"దాని కాళ్ళు తుడిచి తీసుకురా" అన్నాడు చివరికి, నెమ్మదిగా. "తెల్లబట్ట."

ఆమె పడిన కుర్చీ లేపింది. కూర్చుంది. సూదిలోకి దారం ఎక్కించింది.

"మీరు తుడవండి బావగారూ. నాకు పనుంది."

కటింగ్ మాస్టర్ చుట్టూ చూశాడు, ఎవరైనా లేస్తారేమోనని. ఎవరూ లేవలేదు.