సున్నా పక్కన చుక్క

సోమవారం నుంచి ఫార్మకాలజీ క్లాసులు. కొట్టాయంలోని ఆ నర్సింగ్ హాస్టల్లో ప్రిన్సికి వారం రోజులుగా అన్నం సయించడం లేదు. సీనియర్లు ఇచ్చిన పాత పుస్తకం తెరిస్తే మందుల పేర్లన్నీ ఒక తల్లి పిల్లల్లాగే ఉన్నాయి. వాటిని ఎలాగో బట్టీ పట్టవచ్చు. మందు మోతాదు లెక్కలంటేనే వణుకు. శనివారం పొద్దున ఇరవై లెక్కలు చేస్తే మూడింట్లో దశాంశ చుక్క తప్పు చోట పడింది.

"పదిహేడు వచ్చాయిగా! ఇంకేం, పాసైనట్టే," అంది గదిలో ఉండే ఫసీల, అరటికాయ చిప్స్ నములుతూ.

"ఆ మూడూ మనుషులైతేనో?"

"అమ్మా తల్లీ, నువ్వు డ్యూటీకి పో. ఇక్కడే ఉంటే నన్నూ భయపెట్టి చంపుతావు."

మధ్యాహ్నం పిల్లల వార్డులో డ్యూటీ. ఒక పిల్లాడికి ఫిట్స్ వచ్చి అప్పుడే తగ్గాయి. ఇరవై రెండేళ్ల సర్వీసున్న ఏలిక్కుట్టి సిస్టర్ చెమట తుడుచుకుంటూ, మూడో మంచం మీది పాపకు నోట్లో పట్టే గుండె మందు సిరంజిలోకి తీసింది. పాప బరువు నాలుగు కిలోలు.

"మోళే, ఇలా రా తల్లీ. నువ్వూ లెక్క కట్టు చూద్దాం. ఇరవై మైక్రోగ్రాములు పట్టాలి. ఒక మిల్లీలీటరులో యాభై ఉంటాయి."

ప్రిన్సి అరచేతిలో పెన్నుతో చేసింది. సున్నా పాయింట్ నాలుగు. మళ్లీ చేసినా అంతే. సిరంజిలో మాత్రం నాలుగు మిల్లీలీటర్ల గీతదాకా మందు ఉంది. పదింతలు!

తప్పు తనదే అయ్యుంటుంది. సిస్టర్‌కు ఎదురుచెప్పడానికి తానెంత? అప్పటికే తల్లి పాప తల ఎత్తి పట్టుకుంది, సిస్టర్ వంగింది.

ప్రిన్సి గబుక్కున సిస్టర్ మణికట్టు పట్టేసుకుంది.

"ఏంటే ఇది?"

"నాకు... పాయింట్ నాలుగు వచ్చింది సిస్టర్. నాదే తప్పేమో. ఒక్కసారి చూడండి."

సిస్టర్ సీసా చూసింది, డాక్టరు రాసిన చీటీ చూసింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమైంది సిస్టర్?" అంది తల్లి, పాపను గుండెకు అదుముకుని.

"కొలత తప్పు తీశానమ్మా. పాపకు ఇంకా పట్టలేదు, భయపడకండి."

ఇంకో నర్సును పిలిచి, ఇద్దరూ చూసుకుని మళ్లీ తీసి పట్టారు. జరిగింది రిజిస్టరులో సిస్టర్ తన చేత్తోనే రాసింది. తర్వాత మందుల గదిలో స్టూలు మీద కూలబడింది.

"మీకే ఇలా అయితే నా గతేంటి? నేనీ చదువు చదవలేను సిస్టర్," అంది ప్రిన్సి ఏడుస్తూ.

"నా చెయ్యి పట్టుకున్నప్పుడు భయం వెయ్యలేదా?"

"ప్రాణం పోయినంత పనైంది."

"అయినా పట్టుకున్నావుగా," అంది సిస్టర్.

సోమవారం ప్రిన్సి క్లాసుకు వెళ్లింది. టీచరమ్మ మొదటి లెక్క ఇచ్చి, ఎవరికి వచ్చిందని అడిగితే చాలామంది చేతులెత్తారు. జవాబు వచ్చినా ప్రిన్సి ఎత్తలేదు. తల వంచుకుని, చుక్క సరైన చోటే పడిందా అని అదే లెక్కను రెండోసారి చేస్తోంది.