కొండ ట్యాంకు రేడియో

మధ్యాహ్నం రెండు గంటల పంతొమ్మిది నిమిషాలకు నీటి సరఫరా సంస్థ రేడియో మెకానిక్ ఒకడు కొండ ట్యాంకు పక్కనున్న స్తంభం మీద నుంచి పడి చనిపోయాడు. వయసు ముప్పై నాలుగు. నడుముకు బెల్టు ఉంది. దాని కొక్కెం దేనికీ తగిలించి లేదు.

ఆ రోజు అతనికి సెలవు. అక్క ఇంట్లో ఆమె కుట్టుమిషను విప్పి, భాగాలు పాత పేపరు మీద పరుచుకుని కూర్చున్నాడు. ఫోన్ చేసింది బావ. బావది అదే సంస్థలో కంట్రోల్ రూమ్ ఉద్యోగం. ఏడు ట్యాంకుల నీటిమట్టం రేడియోల ద్వారా ఆ గదికి చేరుతుంది.

ఉదయం పదకొండున్నర నుంచి బావ ఆ రేడియోల పాస్‌వర్డ్‌లు మారుస్తున్నాడు. కొట్టేటప్పుడు తెర మీద చుక్కలే కనిపిస్తాయి. కొట్టాక రెండు బటన్లు వస్తాయి. టెస్ట్ నొక్కితే, లింకు కలవనప్పుడు రేడియో మూడు నిమిషాల్లో పాత పాస్‌వర్డ్‌కు వచ్చేస్తుంది. అప్లై నొక్కితే రాదు. బావమరిది ఏడాదిగా ఈ మాట చెవినిల్లు కట్టుకుని చెబుతున్నాడు.

"టెస్ట్ అంటే తాళంచెవి జేబులో ఉన్నట్టు బావా. అప్లై అంటే లోపల వదిలేసి తలుపు లాగేసినట్టు."

ఆరు రేడియోలకు బావ టెస్టే నొక్కాడు. ఏడోది కొండ ట్యాంకుది. భోజనం వేళ దాటుతోందని దానికి అప్లై నొక్కాడు. ఎక్కడో ఒక అక్షరం తప్పింది. ఏ అక్షరమో ఈనాటికీ తెలియదు. లింకు పోయింది. తప్పు ఎలా పడి ఉంటుందో ఊహించి తొమ్మిది రకాలుగా ప్రయత్నించి, ఇంటికి ఫోన్ చేశాడు. తలుపు లాగేసుకున్నానని చెప్పాడు.

"మా అక్కనిచ్చింది చాలక నీ తాళాలు కూడా మేమే తియ్యాలా?" అన్నాడు బావమరిది. మిషను అలాగే వదిలి బయల్దేరాడు.

స్తంభం అడుగున ఒక పెట్టె ఉంది. అందులో కేబుల్ పెడితే పాస్‌వర్డ్ మార్చొచ్చు. ఎక్కే పని లేదు. కానీ ఫోన్ పెట్టేసే ముందు బావ ఒక మాటన్నాడు.

"ఎలాగూ వెళ్తున్నావుగా, ఆ డిష్ కూడా కాస్త చూడు."

డిష్ స్తంభం కొసన ఉంటుంది. నెల రోజులుగా ఆ రేడియో సిగ్నల్ మైనస్ 71 దగ్గర ఉంది. సున్నాకు దగ్గరయ్యే కొద్దీ బాగున్నట్టు లెక్క.

ఒంటిగంట యాభై రెండుకు లింకు వచ్చింది. రెండూ ఐదుకు బావ తెర మీద సిగ్నల్ అంకె కదలడం మొదలైంది. 74, 69, 66. మావాడు డిష్ తిప్పుతున్నాడని బావ పక్క సీటాయనతో చెప్పాడు. రెండూ పదిహేడుకు 58 దగ్గర ఆగింది. చాలు, దిగమని బావ మెసేజ్ పెట్టాడు. అతని ఫోన్ స్తంభం కింద సంచిలో ఉంది. అతను పడటం ట్యాంకు కాపలాదారు చూశాడు.

సంస్థ నివేదికలో "సొంత నిర్ణయంతో ఎక్కాడు" అని రాశారు. మూడో రోజు దాని నకలు ఇంటికి వచ్చింది. అక్క రెండుసార్లు చదివింది.

"పని కిందే కదా. వాడు పైకెందుకెక్కాడు?"

"నేనే చూడమన్నాను," అన్నాడు భర్త.

ఆమె పాత పేపరు మీది మిషను భాగాలకేసి చూసింది.

"టెస్ట్ నొక్కలేదా?"

"లేదు."

ఆమె మరలు ఒక్కొక్కటే ఏరి డబ్బా మూతలో వేసింది.

మర్నాడు ఆయన రెండు వాక్యాలు రాసి అధికారికి ఇచ్చాడు. అప్లై నొక్కింది తనేనని ఒకటి. ఎక్కమన్నది తనేనని రెండోది. చూడమనడం వేరు, ఎక్కమనడం వేరు కదా అని అధికారి అడిగాడు. డిష్ ఎటు తిరిగి ఉందో కింద నుంచి కనబడదని ఆయన బదులిచ్చాడు. ఆ కాగితాన్ని నివేదికకు జతచేశారు.

కొండ ట్యాంకు డిష్‌ను ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. ఈ ఉదయం ఎనిమిది గంటలకు దాని సిగ్నల్ మైనస్ 58.