రెండోసారి వచ్చిన తీర్పు

తమిళనాడు గుడియాత్తం నేతవీధిలో పెద్ద అన్న పేరు కన్నప్పది, పెత్తనం పూర్ణచంద్రది. ఢిల్లీలో రాష్ట్రపతి పేరు మీద ప్రధాని రాజ్యం నడిపినట్టే, ఇక్కడ తీర్పు పూర్ణచంద్ర చెబితే కన్నప్ప వెండిపొన్ను చేతికర్రతో అరుగు మీద తట్టాలి. తట్టందే ఏదీ అమలు కాదు. నచ్చకపోతే ఒక్కసారి తిప్పి పంపొచ్చు. అదే తీర్పు మళ్లీ వస్తే మాత్రం నోరు మూసుకుని తట్టాల్సిందే. ఎక్కువ ఇళ్లవాళ్లు వెనక నిలబడినంత కాలం పూర్ణచంద్రకు ఎదురు లేదు. వీధంతా వాణ్ణి ప్రధాని అనే పిలిచేది.

కన్నప్ప కూతురు సరసమ్మ కొడుకు సెల్వకుమార్, పవర్‌లూమ్ లుంగీలను చేనేతవని అమ్ముతూ దొరికిపోయాడు. వాడి మగ్గం విరగ్గొట్టాలన్నాడు పూర్ణచంద్ర. కన్నప్ప తిప్పి పంపాడు. మర్నాడు అదే తీర్పు మళ్లీ వచ్చింది. విరిగేది కొయ్యే కదా, పోతే పోనీ అనుకుని ముసలాయన తట్టాడు. ఎంత తెలివిమాలిన పని! అడ్డం పడిన కుర్రాడి కుడిచెయ్యి పూర్ణచంద్ర మనుషులు మగ్గం మీదే అదిమిపెట్టి ఇనపకడ్డీలతో చితక్కొట్టారు. వేలూరు ఆస్పత్రిలో నాలుగు వేళ్లు తీసేశారు.

సరసమ్మ తండ్రి గడప తొక్కలేదు. కట్టు కట్టిన కొడుకును వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. వీధి ఊగిపోయింది. నీ వెనక ఎవరున్నారో చూపించమని కన్నప్ప పూర్ణచంద్రను అందరిముందు అడిగాడు. మురుగన్ అనే నేతగాడు మొదట సరసమ్మ వైపు నడిచాడు. పూర్ణచంద్ర మనిషి కాశి వాడి పళ్లు రాలగొట్టాడు. తర్వాతివాడి తల పగిలింది. అయినా జనం నెత్తురు తొక్కుకుంటూ నడుస్తూనే ఉన్నారు. చివరికి కాశి కూడా కడ్డీ పారేసి పరిగెత్తాడు. ఎక్కువ ఇళ్లు ఆమె వెనకే చేరడంతో పెత్తనం సరసమ్మకు వచ్చింది.

పీడ విరగడైందని కన్నప్ప ఊపిరి పీల్చుకునేలోపే ఆమె మొదటి తీర్పు చెప్పింది. పూర్ణచంద్ర కుడిచెయ్యి అలాగే చితక్కొట్టాలట.

"వద్దమ్మా. ఇట్ల పోతే ఈ వీధిలో నేసే చెయ్యి మిగలదు," అని కన్నప్ప తిప్పి పంపాడు.

మర్నాడు ఆమె వీధినంతా వెంటేసుకుని వచ్చింది. పూర్ణచంద్రను స్తంభానికి కట్టేశారు. వాడు కన్నప్ప కళ్లలోకి చూస్తూ వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

"నీ మనవడికి తట్టినావు గదా నాయనా. అప్పుడు కట్టుబాటన్నావు. ఇప్పుడూ అదే కట్టుబాటు ఉండాది. తట్టు," అంది సరసమ్మ.

కర్ర విసిరికొట్టి లేచిపోవచ్చు. ఆపేవాళ్లెవరూ లేరు. కానీ ఈరోజు కాదంటే, ఆరోజు కూడా కాదనగలిగేవాణ్ణేనని కూతురి ముందు ఒప్పుకున్నట్టే. సెల్వకుమార్ కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని తాతనే చూస్తున్నాడు. ఆ చూపుకు కన్నప్ప భయపడ్డాడు.

కర్ర ఎత్తి తట్టాడు. ఇనపకడ్డీలు పట్టుకుని నలుగురు స్తంభం దగ్గరికి నడిచారు.