రింగుల్లో ఐసు

"బావా, ఏంటీ కంపు? డిక్కీలో ఏదైనా చచ్చిందా?" అన్నాడు సాపర్ ముక్కు మూసుకుంటూ.

"బ్యాడ్జర్ కొవ్వురా. మొన్న దగ్గొచ్చినప్పుడు మీ అక్క చెంచాడు పోస్తే గుటుక్కున మింగావుగా, అప్పుడు రాలేదా కంపు?"

బేగాలి కారు వెనక బంపరు మీద కూర్చుని, గ్లవ్ తీసి, గాలపుకర్రకున్న ఒక్కో రింగుకీ వేలితో ఆ అడవి జంతువు కొవ్వు రాస్తున్నాడు. లోపలి అంచుకీ బయటి అంచుకీ పట్టించి, ఎక్కువైంది గుడ్డతో తుడుస్తున్నాడు. చలికాలంలో మా ఇర్తిష్ నది ఒడ్డున గాలం వేసేవాడికి చేపకన్నా ముందు ఐసుతో పోరు. దారం చుట్టిన ప్రతిసారీ దానితోపాటు నీళ్ళు వస్తాయి. అవి రింగుల్లో గడ్డకడతాయి. కాసేపట్లో రంధ్రం పూడుకుపోయి, దారం కదలనంటుంది. తొందరపడి గోటితో గీకితే కర్ర కొస పుటుక్కున విరుగుతుంది. అందుకే ముందే ఈ జిడ్డు.

"నాకింత బాధ లేదు. ఒక్కసారి పిచికారీ కొడితే చాలు," అంటూ సాపర్ కొత్త స్ప్రే డబ్బా ఊపాడు.

ముందు సీట్లోంచి అతని భార్య మైరా అరిచింది. "మీ ఇద్దరి సవతి పోరు అయ్యాక చెప్పండి, దిగుతాను. ఈలోపు టీ అంతా నేనే తాగేస్తా."

బేగాలి క్రేను నడిపి రిటైరయినవాడు. ఏళ్ళ తరబడి లివర్లు లాగి లాగి కుడి భుజం అరిగిపోయింది. చెయ్యి చెవి దాటి పైకి లేవదు. సాపర్ అతని భార్య కూల్యాష్‌కి తమ్ముడు, బస్సు డిపోలో మెకానిక్. ఇక మైరా జైసన్ సరస్సు ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో పుట్టింది. జడ వేసుకోవడం కన్నా ముందు గాలం విసరడం నేర్చిన మనిషి. మా వీధిలో ఆ చలిలోనూ ఇంట్లో కూర్చోలేనివాళ్ళు ఈ ముగ్గురే.

నది పొగలు కక్కుతోంది. డ్యామ్ కింద ఎంత చలిలోనూ నీరు గడ్డకట్టదు. ఒడ్డు వెంట మాత్రం పలకలా ఐసు పేరుకుంటుంది. ఆ అంచున నిలబడి ముగ్గురూ చాలాసేపు విసిరారు. ఒక్క చేపా తగల్లేదు.

"పైక్ చేపలన్నీ దిబ్బకి అవతలి గుండంలో దాక్కున్నాయి," అన్నాడు బేగాలి. నది మధ్యలో గులకరాళ్ళ దిబ్బొకటి వీపులా తేలి ఉంది. "ఇక్కణ్ణుంచి నీ స్ప్రే కర్రకి అందవులే బావమరిదీ. ఇంటికెళ్ళి టీవీ చూసుకో."

"అందుతాయో లేదో చూద్దువుగాని," అంటూ సాపర్ రొమ్ముదాకా వచ్చే రబ్బరు సూటు నడుముకి బెల్టు బిగించాడు.

"వద్దు. నీళ్ళు ఎప్పుడు పెరుగుతాయో తెలీదు. చలి ముదిరితే ఊళ్ళో అందరూ హీటర్లు పెడతారు, కరెంటు కోసం డ్యామ్ నుంచి ఎక్కువ వదులుతారు. కొత్తగా చెప్పాలా నీకు?" అంది మైరా.

"దిబ్బకీ మనకీ మధ్య పాయలో మోకాలి లోతు కూడా లేదే. ఇలా వెళ్ళి అలా వచ్చేస్తా."

బేగాలి నవ్వి ఊరుకున్నాడు. సాపర్ నిజంగా వెళ్తాడని అతను అనుకోలేదు. అనుకునేలోపే సాపర్ పాయ దాటి, పొగమంచులో నీడలా దిబ్బ మీద నిలబడ్డాడు.

ముందుగా తెలిసింది చెవులకే. ఒడ్డున ఉన్న ఐసు పలక కిర్రుమంది. బేగాలి కిందికి చూశాడు. పలక అంచు లేస్తోంది. దాని కిందనుంచి నీళ్ళు ఉబికి అతని బూట్ల చుట్టూ పాకుతున్నాయి.

"సాపర్! వచ్చెయ్‌రా! నీళ్ళొస్తున్నాయ్!"

అప్పుడే సాపర్ కర్ర విల్లులా వంగింది. చేప తగిలింది. "పడింది బావా! చెప్పానా!" అన్న కేక పొగలోంచి సంతోషంగా వినిపించింది. మైరా గొంతు చించుకుని అరిచింది. అతను చేపని వదిలి ఇటు తిరిగేసరికి, ఇందాక మోకాలి లోతు లేని పాయ నల్లగా, వేగంగా పారుతోంది. రెండడుగులు దిగాడు. నడుము దాటింది. తూలిపడబోయి వెనక్కి ఎక్కాడు.

"దిగకు! అక్కడే ఉండు!" అని మైరా అరిచి ఫోను తీసింది. రక్షణ దళంవాళ్ళు వెంటనే బయల్దేరుతున్నామన్నారు. ఊరి అవతలి చివరినుంచి రావాలి. దారంతా గడ్డకట్టి ఉంది. ఆమె చోటు చెప్పడం ముగించగానే చలికి ఫోను ఆరిపోయింది.

దిబ్బ మునిగింది. సాపర్ చీలమండల మీదుగా నీళ్ళు పారుతున్నాయి.

బేగాలి కారు దగ్గరికి పరుగెత్తి, ఇంట్లోనే ఉండిపోయిన రబ్బరు పడవ తాలూకు లంగరు తాడు చుట్ట తెచ్చాడు. సన్నటి నైలాన్ తాడు, చివర టక్కున మూసుకునే కొక్కెం. ఎడం చేత్తో తిప్పి విసిరాడు. సగం దూరం కూడా పోలేదు.

"తాడు పోదన్నయ్యా. ముందు దారం అందాలి. దారానికి తాడు కట్టి పంపుదాం," అంటూ మైరా తన కర్ర అందుకుంది. రింగులన్నీ తెల్లటి బఠాణీల్లా ఐసుతో నిండి ఉన్నాయి. ఆమెకి తెలుసు, గీకకూడదని. తెలిసీ, కొసనున్న రింగుని బొటనవేలితో నొక్కింది. పుటుక్కుమంది. కర్ర కొస జానెడు వేలాడింది.

"నాది తీసుకో!" బేగాలి తన కర్ర ఆమె చేతిలో పెట్టాడు. "రింగులు బాగానే ఉన్నాయి. సీసపు గుండు పెద్దది. అంత దూరం విసరడానికి నా చెయ్యి లేవదమ్మా, నువ్వే వెయ్యి."

ఆమె విసిరింది. దారం సర్రున పోయింది. గుండు సాపర్ పక్కనే పడింది గాని, ప్రవాహం దారాన్ని కిందికి లాగేసింది. సాపర్ వంగి పట్టుకోబోయాడు. గడ్డకట్టిన గ్లవ్‌లోంచి జారిపోయింది.

"చుట్టు! కాదు, ఆగు. అలాగే చుడితే నీళ్ళు రింగుల్లోకొస్తాయి," అంటూ బేగాలి ఊలు గ్లవ్‌కి డబ్బాలో మిగిలిన కొవ్వంతా పూసుకుని, ఐసు అంచుకి వెళ్ళి, కర్ర కొసకి ముందు దారాన్ని పిడికిట్లో పట్టాడు. "ఇప్పుడు చుట్టు. నేను తుడుస్తుంటా."

దారం అతని పిడికిట్లోంచి నీళ్ళొదులుకుని, జిడ్డు పట్టించుకుని రింగుల్లోకి వెళ్ళింది. అయినా కొంత తడి పోనే పోయింది. రెండోసారి విసిరితే గుండు దారి మధ్యలో ఎవరో వెనక్కి లాగినట్టు ఆగి నీళ్ళలో పడింది.

"ఎక్కడ పట్టింది?"

"కొస రింగులో."

"గీకొద్దు! నీళ్ళలో ముంచు."

ఐసు కరగాలంటే నీళ్ళలో పెట్టడమే దారి. ఆ చలిలో గాలికన్నా నదే వెచ్చన. మైరా మోకాళ్ళ మీద కూర్చుని కర్ర కొసని నీళ్ళలోకి దించింది. ఇక చేసేదేమీ లేదు, ఆగడమే. అవతల సాపర్ మోకాళ్ళ దాకా మునిగాడు. అరవడం మానేశాడు. కర్రని నేలకి ఊతంగా పెట్టి, తల వంచుకుని నిలబడ్డాడు.

"తియ్యనా?"

"ఇంకా."

"అన్నయ్యా, ఆయన ఊగుతున్నాడు!"

"ఊగనీ. ఇప్పుడు తీస్తే మళ్ళీ పట్టేస్తుంది, మళ్ళీ మొదటికొస్తాం. సాపర్! ఒరేయ్ వెధవా! నా వంక చూడు! మీ అక్క నన్ను ఇంట్లోకి రానిస్తుందనుకున్నావా నువ్వు లేకుండా? చూడరా ఇటు!"

సాపర్ తలెత్తాడు.

"ఇప్పుడు తియ్యి," అన్నాడు బేగాలి. ఆమె కర్ర లేపి గట్టిగా విదిలించింది. అతను జిడ్డు గ్లవ్‌తో కొస రింగు ఒక్క తుడుపు తుడిచాడు. నీటిబొట్టు గడ్డకట్టేలోపు మైరా వెనక్కి వంగి, ఈసారి సాపర్ మీదికి కాకుండా అతనికి బాగా ఎగువన విసిరింది. గుండు కనపడనంత దూరం పోయింది. ప్రవాహమే దారాన్ని తెచ్చి అతని కాళ్ళకి చుట్టింది. సాపర్ చేతుల్తో పట్టుకోవడానికి చూడలేదు. ముంజేతిని దారం కిందికి దూర్చి, గుండ్రంగా తిప్పి తిప్పి చుట్టుకున్నాడు.

మైరా గ్లవ్స్ పారేసి, దారాన్ని కొరికి తెంపి, తాడు కొక్కేనికి ముడి వేసింది. వేళ్ళు మాట వినకపోతే పళ్ళతో బిగించింది. "లాక్కో! మెల్లగా!" తాడు పాములా నీళ్ళమీద ఈదుకుంటూ పోయింది. రెండో చివర బేగాలి ఒడ్డునున్న విల్లో చెట్టు మొదలుకి కట్టేశాడు. అవతల సాపర్ తాడుని చంకల కిందనుంచి తిప్పి కొక్కెం తగిలించడానికి పెనుగులాడుతున్నాడు. ఒకసారి జారింది. మళ్ళీ జారింది. మూడోసారి టక్కుమన్న చప్పుడు వాళ్ళకి వినపడలేదు గాని, అతను చెయ్యెత్తడం కనపడింది.

"రా!" అంది మైరా.

సాపర్ నీళ్ళలోకి ఒరిగాడు. ప్రవాహం అతన్ని కిందికి ఈడ్చింది. తాడు బిగుసుకుని, చెట్టు మీది మంచంతా జలజల రాలింది. అతను మునిగాడు. తేలాడు. మళ్ళీ మునిగి, ఒడ్డువైపు వంపు తిరుగుతూ దిగువన ఐసు పలకకి కొట్టుకున్నాడు. ఎక్కబోతే పలక విరుగుతోంది. బేగాలి బోర్లా పడుకుని పాకాడు. మైరా అతని కాళ్ళు పట్టుకుంది. బేగాలి ఎడం చెయ్యి సాపర్ కాలరుని దొరకబుచ్చుకుంది. అప్పుడు కుడి చెయ్యి కూడా ముందుకి చాచాడు. భుజంలో ఏదో తెగినట్టయి కేక పెట్టాడు గాని, వదల్లేదు.

కారులో హీటరు గుయ్యిమంటుంటే మైరా కత్తితో రబ్బరు సూటు కోసేసింది. సాపర్ పళ్ళు టకటకలాడుతూ ఏదో అన్నాడు.

"ఏంటి?"

"చేప... పెద్దది..."

"నోర్ముయ్," అంది మైరా, ఏడుస్తూ తన కోటు అతనికి చుట్టి. రక్షణ దళంవాళ్ళు వచ్చేసరికి ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని వెనక సీట్లో కూర్చుని ఉన్నారు.

చలికి ఎడమ పాదంలో రెండు వేళ్ళు పోయాయి సాపర్‌కి. ప్రాణానికేం కాలేదు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ అక్క రోజూ వచ్చి నూనెలో వేయించిన బౌర్సాకు రొట్టెలు పెట్టి తిట్టి పోయేది. బేగాలి మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. సాపర్ ఇంటికొచ్చాకా రాలేదు. భుజం నొప్పని కబురు పంపేవాడు.

ఒక రోజు మైరా నేరుగా వాళ్ళ ఇంటికెళ్ళింది. బేగాలి కిటికీ పక్కన, చెయ్యి మెడకి కట్టుకుని కూర్చున్నాడు.

"నేను ఎగతాళి చెయ్యకపోతే వాడు దిబ్బ మీదికి వెళ్ళేవాడు కాదమ్మా," అన్నాడు ఆమె వైపు చూడకుండా.

"వెళ్ళేవాడు కాదు. నేనేం కాదనడం లేదు. ఆ రోజు కాసేపు మిమ్మల్ని కూడా నీళ్ళలోకి తొయ్యాలనిపించింది."

వంటింట్లోంచి కూల్యాష్ తొంగిచూసి మళ్ళీ లోపలికెళ్ళిపోయింది.

"ఇప్పుడు మీ బావమరిది కింద కారులో ఉన్నాడు. ఇవాళ కట్టు మార్పించాలి. ఆసుపత్రి లిఫ్టు పాడైంది, నేనొక్కదాన్నే మెట్లెక్కించలేను. కోటు వేసుకోండి."

"ఏ భుజంతో మొయ్యమంటావు?"

"ఎడం భుజంతో. రెండోవైపు నేను పట్టుకుంటా."

కింద వీధిలో కారు హారన్ పొడుగ్గా మోగింది. వెంటనే ఇంకోసారి, ఇంకా పొడుగ్గా.

"వీధి వీధంతా లేపేస్తాడు గాడిద," అని సణుక్కుంటూ బేగాలి లేచి, ఒంటిచేత్తో టోపీ కోసం వెతకడం మొదలుపెట్టాడు.