నలికిరి తోకకు కర్మ

మా ఆయన పెద్దమునియప్పకు మట్టి కనిపిస్తే చాలు, చేతులు దురద పెడతాయి. కాడుగోడిలో మా ఇంటి చుట్టూ సిమెంటు వేయించేశాడు. వెనక కానుగచెట్టు కింద గదంత నేల మిగిలితే, దానికీ మేస్త్రీ రామాంజిని మాట్లాడుకొచ్చాడు. సోమవారం పని.

ఆ నేలమీద ఎండుటాకుల కిందే నా నలికిరి ఉంటుంది. పాములాంటి తల, నున్నటి గోధుమరంగు వీపు, ఉన్నాయా లేవా అన్నట్టు చిట్టి కాళ్లు. పొద్దున్నే ఇటుకమీద ఎండ కాచుకుంటుంది. నాకు అదంటే ప్రాణం, ఆయనకు భయం.

"హావురాణి, పాములకే రాణి అది. కరిస్తే మనిషి మిగలడు," అంటాడు.

"నీ నోట్లో ఉండేంత విషం దానికి లేదులేయ్యా," అంటాను.

ఆదివారం ఆకులు చిమ్ముతూ దాన్ని చూసి పొరక తిప్పి ఒక్కటి వేశాడు. తోక తెగి గిలగిలా కొట్టుకుంది. నలికిరి ఆకుల్లోకి దూరడం నేను చూశాను, ఆయన చూడలేదు.

"మునిలక్ష్మీ, పాము జాతిని సంపేస్తినే," అని కూలబడ్డాడు.

మా ఇంట్లో నాగప్పకు మొక్కుతాం, పాము చస్తే కర్మ చేయాలి. తలస్నానం చేసొచ్చి, ఒళ్లు కనబడక వేలెడంత తోకనే కర్పూరంతో కాల్చి, పాలు పోశాడు. నేను నవ్వాపుకోలేక వంటింట్లో దూరాను. నిజం మాత్రం చెప్పలేదు. చెబితే మర్నాడే సిమెంటు పడుతుంది, దానికి గూడుండదు.

సోమవారం రామాంజిని వెనక్కి పంపేశాడు. "కర్మ చేసిన సోటప్పా, వద్దు," అన్నాడు.

నేను గెలిచానన్నమాట. కానీ రోజూ పొద్దున ఆయన లోటాతో పాలు తెచ్చి చెట్టు కింద పోస్తూనే ఉన్నాడు. శనివారం ఉండబట్టలేక అనేశాను.

"అది బతికే ఉండాదయ్యా. ఊడింది తోకే. నేనే చెప్పలేదు. మేస్త్రీని పిలుచుకో పో."

ఆయన తల తిప్పలేదు. "మంగళవారమే చూసినా."

"మరి ఈ పాలెందుకు?"

"ఆపితే నాకు తెలిసిపోయిందని నీకు తెలిసిపోతాదని."

"సిమెంటు?"

లోటా వంచి ఆఖరి చుక్క కూడా పోశాడు.

"ఆ పొద్దు నువ్వు ఇటుక ముందర కూసోని, 'మా ఆయన మంచోడే, బయంతో కొట్టినాడు, మనసులో పెట్టుకోవద్దు' అని దాన్ని బతిమాలతా ఉంటివి. ఆ మాట ఇన్నాక సిమెంటు ఎట్ల ఏస్తానే?"