సరస్సు వైపు గోడ

రేయినో వంగిన మేకును రాయి మీద పెట్టి, సుత్తితో నిదానంగా కొట్టి తిన్నగా చేశాడు. డబ్బాలో కొత్త మేకులున్నా పాతవి పారెయ్యడం అతని వల్ల కాదు. దాన్ని గుమ్మం పక్క పలకకి ఆనించి రెండు దెబ్బలు వేశాడు. అవతలి ఒడ్డు రాతికొండ నుంచి అవే రెండు దెబ్బలు, ఊపిరి తీసుకున్నంత ఆలస్యంగా, తిరిగి వచ్చాయి.

కప్పు మీద తారు కాగితం పరుస్తున్న అతని భార్య తైమి చెయ్యి ఆగింది. దెబ్బ తిరిగొచ్చిన ప్రతిసారీ అంతే. అటు తిరిగి చెవి ఒగ్గుతుంది, ఆ తర్వాతే మళ్లీ పని. నిరుడు పునాది రాళ్లు దించిన రోజున కూతురు మర్కెట్టా నవ్వుతూ, "అవతల కూడా ఎవరో ఇల్లు కట్టుకుంటున్నారే," అని వెంటనే నాలుక కరుచుకుంది. మళ్లీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ముగ్గురిలో ఎవరికీ వడ్రంగం రాదు. తైమి బడి వంటింట్లో గిన్నెలు కడుగుతుంది. మర్కెట్టా పట్నంలో ఆడవాళ్ల జుట్టు కత్తిరిస్తుంది. రేయినోకి మీసం మొలిచినప్పటి నుంచీ సామిల్లులోనే పని. తడి పలకల మధ్య సన్న పుల్లలు పెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఎండబెట్టాలి. మోసీ మోసీ అతని కుడి భుజం కిందికి జారింది. అరచేతి గీతల్లో బంక నల్లగా ఇంకిపోయింది, ఏ సబ్బుకీ వదలదు. అతను పేర్చిన పలకలతో ఎక్కడెక్కడో ఇళ్లు లేచాయి. తను మాత్రం ఒక పీట కూడా చేసుకోలేదు.

అందుకే ఈ ఇల్లు ఇలా ఉంది. రసమట్టం లేక సగం నీళ్లున్న సీసా పడుకోబెట్టి నేల మట్టం చూశారు. తలుపు కాలితో తంతే గానీ తెరుచుకోదు. గోడలకి లోపలా బయటా పలకలు కొట్టి, మధ్య సందులో సామిల్లు నుంచి బస్తాలతో తెచ్చిన రంపపు పొట్టు కూరారు. ఆవిరిస్నానాల గది మటుకు ముందే కట్టుకున్నారు. రెండు వేసవులుగా రాత్రిళ్లు అందులోనే పడుకుంటున్నారు.

పొద్దెక్కాక పొరుగు ఏమెలి పడవ ఒడ్డుకి తగిలింది. చేతిలో చిన్న చేపల గుత్తి. వచ్చినవాడు ఇంటి చుట్టూ తిరిగి చూశాడు.

"ఏం రేయినో, సరస్సుకి వీపు తిప్పి కూర్చున్న ఇల్లు ఈ కైనూ సీమ మొత్తంలో ఇదొక్కటే. నీ మీద అలిగిందా ఏమిటి?"

"గాలి అటు నుంచే కొడుతుంది."

"మా ఇంటికి మాత్రం గాలి అడిగి వస్తుందా?" అన్నాడు ఏమెలి. కానీ తైమి మొహం చూసి ఆపేశాడు. చేపలు దించి, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

ఏమెలికి తెలియనిది కాదు. పదేళ్ల కిందట, మంచు కరిగే రోజుల్లో, రేయినో, తైమిల అబ్బాయి ఇల్పో మంచు కింద వేసిన వలలు తీయడానికి గడ్డకట్టిన సరస్సు మీదికి నడిచాడు. వాడు మంచు మీద తోసుకెళ్లిన జారుడుబండి దొరికింది. వాడు దొరకలేదు. ఆ వేసవంతా రేయినో, ఏమెలి ఇద్దరూ పడవలో తిరుగుతూ కొక్కేలతో అడుగంతా గాలించారు. ఆకులు రాలే వేళకి రేయినో పడవని ఒడ్డుకి లాగి బోర్లించాడు. అప్పటి నుంచి మళ్లీ ఆ నీళ్ల కేసి చూడలేదు.

ఈ చోటు అమ్మకానికి వచ్చినప్పుడు కొందామన్నది తైమి. "ఇంకో చోటు దొరకలేదా నీకు?" అన్నాడతను. "ఇంకో చోట నాకేం పని?" అందామె. కాదనలేకపోయాడు. కానీ అటు వైపు గోడ కట్టేటప్పుడు పలక మీద పలక కొడుతూ పోయి, ఖాళీ వదలకుండా మూసేశాడు. కూల్చేసిన బడి నుంచి ఆమె తెచ్చిన కిటికీ చట్రం వేసవంతా గోనెపట్టా కింద పడి ఉంది.

మధ్యాహ్నం మెట్టు మీద కూర్చుని రై పిండి రొట్టె, వేయించిన చేపలు తిన్నారు. మర్కెట్టా కాఫీ పోసింది.

"ఏమయ్యా," అంది తైమి, "ఆ గోడ ఇవాళైనా కోస్తావా?"

రేయినో మిగిలిన కాఫీ గడ్డిలోకి ఒంపాడు.

"నువ్వు చూడొద్దులే. నీ కుర్చీ పొయ్యి వైపు తిప్పి వేస్తాను. నన్ను చూడనీ."

మర్కెట్టా లేచి కప్పులు తీసింది. "అమ్మా, పద, పళ్లు కోసుకొద్దాం," అంది. ఇద్దరూ బొక్కెనలు పట్టుకుని అడవిలోకి నడిచారు. మాటలు వినబడనంత దూరం వెళ్లేదాకా రేయినో కదల్లేదు.

తర్వాత లేచి లోపలికి వెళ్లి బర్మా తీసుకున్నాడు. గోడ మీద కిటికీ చట్రం పట్టేంత మేర చూసుకుని, నాలుగు మూలలా నాలుగు చిల్లులు వేశాడు. ఒక్కోటీ పడగానే వెలుగు అతని చొక్కా మీదికి వచ్చి, వణుకుతూ నిలిచింది. నీటి మీంచి వచ్చిన వెలుగు. దాన్ని చేత్తో తుడవబోయి ఆగాడు.

రంపం దూర్చి కోశాడు. కోసిన చోటల్లా సందులోంచి పొట్టు జారి, పాదాల మీద వెచ్చగా పడింది. సామిల్లు వాసన. రెండుసార్లు ఆగి గోడకి తల ఆనించుకున్నాడు. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది. అరచెయ్యి విదిలించుకుని మళ్లీ కోశాడు. చివరి పలక తెగాక భుజంతో తోస్తే, గోడ ముక్క బయట గడ్డిలోకి వెల్లకిలా పడింది. అవతలి కొండ ఆ చప్పుడుని తిరిగి పంపలేదు.

అతను చూశాడు. ఇన్నేళ్లుగా కళ్లు మూసుకుంటే కనబడేది తెల్లటి మంచులో నల్లటి కంత. ఇక్కడ మంచూ లేదు, కంతా లేదు. ఎండ, నీళ్లు. నడిమధ్యన ఒక పక్షి మునిగింది. అతను మేకుల పెట్టె మీద కూర్చుని, అది ఎక్కడ తేలుతుందోనని చూస్తూ ఉన్నాడు. అనుకున్న చోట తేలలేదు. బాగా పక్కకి తేలింది.

"ఏరా," అన్నాడు. "ఇక్కడున్నాం మేం."

గొంతు సన్నగా ఉంది. ఒడ్డు దాకా కూడా వెళ్లి ఉండదు.

సాయంత్రం మర్కెట్టా ముందు వచ్చింది. గోడలో కోసిన ఖాళీలోంచి తండ్రి తల చూసి, "అయ్యో నాన్నా, నేను కత్తెరతో కోసినా ఇంతకన్నా తిన్నగా వచ్చేది," అంటూ తలుపు తన్ని లోపలికి వెళ్లింది. వెంటనే బయటికి వచ్చింది. గుమ్మం పట్టుకుని నిలబడింది. తైమి బొక్కెన దించి లోపలికి వెళ్లి, చల్లబడ్డ అతని మెడ మీద చెయ్యి వేసి చూసింది. పొట్టు అంటిన జుట్టు దులిపింది.

"ఏమెలిని పిలుచుకురానా?" అంది మర్కెట్టా గుమ్మంలోంచి.

"వెళ్దువుగాని. కాసేపు ఆయన్ని అటు చూసుకోనీ."

చట్రాన్ని తర్వాత ఏమెలి, మర్కెట్టా కలిసి బిగించారు. ఒక పక్క వేలు దూరేంత సందు మిగిలితే తైమి నాచు కుక్కింది. కోసిన గోడ ముక్కని మాత్రం ఎవరూ ఎత్తలేదు. అది పడిన చోటే గడ్డిలో ఉంది. మొదటి మంచు కురిసిన రోజు చుట్టూ గడ్డి మీద కరిగిపోయినా, దాని మీద మాత్రం కిటికీ అంత తెల్లగా నిలిచింది.